ఖాన్ పెట్టిన రాయి

పోయిన నెలలో అబూ ధాబీ వెళ్ళి, మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో మా అమ్మాయి ఇంట్లో పదిహేను రోజులు ఉండి వచ్చాను. ఒకరోజు కళ్ళజోడు బాగుచేయించుకుందామని టాక్సీ ఎక్కితే, నడిపే మనిషి పఠాన్ అని మాట వినగానే తెలిసిపోయింది. ముప్ఫై దాటినవాడు, మర్యాదస్తుడు. పాత అలవాటు కొద్దీ, మీది ఏ తెగ నాయనా అని అడిగాను. అతను అద్దంలోంచి నన్నొకసారి చూసి, ఇప్పుడలాంటివి ఎవరూ అడగరు చాచా, అడిగితే పోలీసులే అడుగుతారు అన్నాడు. అని రేడియో చప్పుడు పెంచాడు. నేను మాత్రం ఆ పూటంతా నలభై ఏళ్ళ కిందటి దుబాయ్‌లో, మా కంపెనీ క్యాంపు ఉన్న అల్ ఖూజ్‌లోనే తిరిగాను.

మన ఈడువాళ్ళలో ఆ రోజుల్లో దుబాయ్ క్యాంపుల్లో బతికినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు, పఠాన్‌ని తెగ అడగడం అప్పట్లో తప్పు కాదు సరికదా, అడగకపోతేనే అమర్యాద. కొత్త మనిషి కనబడగానే మనవాళ్ళు ఏ ఊరు, ఇంటిపేరేమిటి, ఎవరి తాలూకు అని ఆరా తీస్తారే, వాళ్ళూ అంతే. తెగ, అందులో శాఖ, ఆ శాఖలో ఎవరి మనవడు అన్నది తేలేదాకా టీ గ్లాసు చేతికివ్వరు. వాళ్ళ కొండల మధ్య ఎప్పుడో తెల్లదొరలు గీసిన సరిహద్దుకి అటు సగం తెగ, ఇటు సగం తెగ ఉండేది. మా కంపెనీలో మట్టి తవ్వే మిషన్ నడిపే ఖాన్‌ని, నువ్వు ఏ దేశం వాడివి అని ఎవరైనా అడిగితే, "లకీర్ అంగ్రేజ్ డాలా, హమ్ నహీ డాలా" అని నవ్వి ఊరుకునేవాడు. గీత గీసినవాడిని అడగండి, నన్నెందుకు అడుగుతారు అన్నట్టు.

నేను అంత మంచివాణ్ణి కాదు, ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. కోపం వచ్చి పోయే రకం కాదు నాది, వచ్చి కూర్చునే రకం. ఆ కోపం ఎలా వచ్చిందో చెప్పాలంటే మా అన్నయ్య గురించి చెప్పాలి. మా అన్నయ్య పైపులు వేసే మేస్త్రీ, నేను కంపెనీ గ్యారేజీలో మెకానిక్‌ని. మా ఇద్దరినీ గోదావరి ఒడ్డు నుంచి తీసుకెళ్ళి అక్కడ నిలబెట్టింది మా అమ్మకి దూరపు తమ్ముడు, వరసకి మాకు మావయ్య. మా సైటుకి ఫోర్‌మన్. ఆయన లేకపోతే మాకు దుబాయ్ లేదు, ఆ మాట అప్పుడూ కాదనలేదు, ఇప్పుడూ కాదనను.

ఎనభైల మొదట్లో ఒక మధ్యాహ్నం ఖాన్ మిషన్‌కి ఆయిలు గొట్టం పగిలిందంటే మార్చడానికి సైటుకి వెళ్ళాను. రెండు నిలువుల లోతు గొయ్యి, అంతా ఇసక నేల, పక్కలు కూలకుండా కొట్టవలసిన పలకలు కొట్టలేదు. గట్టు మీద నెర్ర విచ్చిందని ఖాన్ మిషన్ దిగివచ్చి మరీ వేలితో చూపించాడు. ఆ సాయంత్రం తనిఖీకి ముదీర్, అంటే మేనేజరు, వస్తాడని మావయ్యకి ఒకటే కంగారు. "ఏం గాదెహె, దిగు, అయిదు నిమిషాల పని, యల్లా" అని గోతిలోకి చెయ్యి చూపించాడు. అన్నయ్య నావైపు తిరిగి, "ఇప్పుడే వచ్చేత్తాను తమ్ముడూ, భోజనానికి కలిసి పోదాం" అని నిచ్చెన దిగాడు. గట్టు కూలడానికి అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. ఖాన్ మిషన్ తొట్టెతో తవ్వితే మనిషికి తగులుతుందని చేతులతో తవ్వాడు, నేనూ తవ్వాను, మావయ్య కూడా తవ్వాడు. బయటికి తీసేసరికి అంతా అయిపోయింది.

విచారణలో మావయ్య, నేను వద్దన్నాను, చెప్పకుండా దిగాడు అన్నాడు. నేను తమ్ముణ్ణి కనక నా మాటకి విలువ లేదన్నారు. ఖాన్ ఒక్కడే మిగిలాడు. ఈయనే దింపాడని అతను గట్టిగానే చెప్పాడు, కానీ నీకు వాళ్ళ భాష వచ్చా అని అడిగారు, రాదన్నాడు, మరి దిగమన్నాడో దిగొద్దన్నాడో నీకెలా తెలుసు అన్నారు. చెయ్యి చూశాను కదా అన్నాడు ఖాన్. దాంతో ఖలాస్. ఆజ్ఞ మీరి దిగి చనిపోయాడని కంపెనీ మా వదినకి రాసిన ఉత్తరాన్ని, ఆవిడకి ఇంగ్లీషు రాదని, బడిపంతులు గారు మా ఇంటి అరుగు మీద నిలబడి అందరూ వినేటట్టు చదివి అర్థం చెప్పారట. తన చావుకి తనే కారణం అన్న మాట వీధంతా వింది. మనిషిని చంపినందుకు కాదు, ఆ మాట అన్నందుకు మావయ్యని నేను చంపాలనుకున్నాను.

అదేమంత కష్టం కాదు. మావయ్య తిరిగే పికప్ నెలకోసారి నా చేతి కిందికే వచ్చేది. ఒకరోజు బండి కింద గుంటలో నిలబడి, బ్రేకు పైపు నట్టు మీద స్పానర్ పెట్టి, బిగించవలసిన వైపు కాక రెండో వైపు తిప్పాను. తిప్పుతుండగా పైన చెప్పుల చప్పుడయింది. ఖాన్ గుంట అంచున గొంతుక్కూర్చుని నా చేతి వంక, తర్వాత నా మొహం వంక చూశాడు. "చోర్ కా మాఫిక్ బదలా లేతా హై, మదరాసీ?" అన్నాడు. దొంగలాగా పగ తీర్చుకుంటావా అని. నేను నట్టు మళ్ళీ బిగించేదాకా అక్కణ్ణుంచి లేవలేదు.

పగ తప్పని ఖాన్ ఏనాడూ అనలేదు. అన్న రక్తం పోతే తమ్ముడు ఊరుకుంటే వాణ్ణి వాళ్ళ వైపు మగవాడిగా లెక్కవెయ్యరట. కానీ శత్రువుని పేరు పెట్టి పిలవాలి, ఎవరి కోసం వచ్చావో చెప్పాలి, వాడు నీ మొహం చూడాలి. ఎవరు చంపారో తెలియకుండా చచ్చినవాడు రోడ్డు ప్రమాదంలో చచ్చినట్టే, దానివల్ల మీ అన్నకేమిటి లాభం అన్నాడు. ఆ మాట అనడానికి అతనికి అర్హత ఉంది. ఖాన్ అన్నని కొండవాగు పక్క పొలం తగాదాలో కాల్చి చంపింది సొంత చిన్నాన్న కొడుకు. ఆ చిన్నాన్న కొడుకు మా క్యాంపులోనే డంపర్ నడిపేవాడు! పరాయి నేల మీద పాత పగలు తీర్చుకోకూడదని పెద్దల కట్టడి ఉండడం వల్ల, ఒకరు వంటింట్లో ఉంటే రెండోవారు బయట నిలబడి, ఆరేళ్ళు ఒకరి మొహం ఒకరు చూడకుండా గడిపారు. అంత పగ అంత నిబ్బరంగా మోసే మనిషిని చూసి నాకు ఈర్ష్యగా ఉండేది.

అప్పటికే అక్కడ గీతకి అటుపక్క రష్యా సైన్యంతో యుద్ధం. ఇటుపక్క తెగవాళ్ళు అటు వెళ్ళి పోరాడేవారు, అటుపక్క ఆడవాళ్ళూ పిల్లలూ ఇటు వచ్చి తలదాచుకునేవారు. మా క్యాంపు పఠాన్లు కూడా వంతులవారీగా వెళ్ళేవారు: ఒక అన్న ఇక్కడ పనిచేస్తే ఒక తమ్ముడు కొండల్లో, ఏడాది తిరిగేసరికి తమ్ముడు ఇక్కడ, అన్న కొండల్లో. సెలవు చీటీలో మాత్రం తమ్ముడి పెళ్ళి అని రాసేవారు. ఒకడి తమ్ముడికి మూడేళ్ళలో నాలుగు పెళ్ళిళ్ళయ్యాయని మా ఆఫీసు మలయాళీ గుమాస్తా ఆశ్చర్యపోయేవాడు. పెళ్ళికి వెళ్ళిన పెద్దమనుషులు కుంటుకుంటూ తిరిగి వచ్చేవారు, కొందరు రానేలేదు.

ఒక శుక్రవారం ఊరి నుంచి కేసెట్టు వచ్చింది. ఆ రోజుల్లో ఉత్తరాల బదులు మాటలు కేసెట్లో పట్టి పంపుకునేవాళ్ళం కదా. నమాజు అయ్యాక పఠాన్లంతా నీళ్ళ ట్యాంకు పక్కన గుండ్రంగా కూర్చుని విన్నారు. తెగ పెద్ద గొంతు అది. తెగలో పాతిక ఇళ్ళ మధ్య ఉన్న పగలన్నిటికీ రాయి పెట్టి ఆపామని, యుద్ధం అయ్యేదాకా ఆ రాయి ఎవరూ కదపకూడదని, కదిపితే వాడి ఇల్లు తగలబెట్టి వాణ్ణి తెగ నుంచి వెలివేస్తామని దాని సారాంశం. క్యాంపులో సరైన రాయి ఎక్కడ దొరుకుతుంది? కాంక్రీటు బలం చూడడానికి అచ్చుపోసిన దిమ్మలు సైటులో గుట్టగా ఉండేవి, అందులోంచి ఒకటి తెచ్చి మధ్యలో పెట్టారు. ఖాన్ ఒకవైపునుంచి, చిన్నాన్న కొడుకు ఇంకోవైపునుంచి వచ్చి దాని మీద చేతులు వేశారు. తర్వాత అదే చోట, ఒకే పళ్ళెంలో రొట్టె తిన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంతకాలం నాకు పాఠాలు చెప్పి, అన్నని చంపినవాడితో ఒక కంచంలో తింటావా, సిగ్గులేదా అని మొహం మీదే అడిగేశాను. ఖాన్‌కి కోపం రాలేదు. "ఏ మాఫీ నహీ హై, మదరాసీ. ఏ సబర్ హై" అన్నాడు. ఇది క్షమాపణ కాదు, ఓపిక. అన్న నా వాడు, యుద్ధం తెగది. ముందు తెగ పని, తర్వాత నా పని అన్నాడు. వాళ్ళిద్దరినీ ఒకే జట్టులో యుద్ధానికి రమ్మని కబురట. అతను లేనప్పుడు నేనేం చేస్తానో అతనికి తెలుసు. అందుకని గ్యారేజీకి ఇంకో దిమ్మ మోసుకొచ్చి, నా గుంట పక్కన పెట్టి, తను తిరిగివచ్చి దాన్ని ఎత్తేదాకా ఆ పికప్ బ్రేకు వదులు చెయ్యనని మాట ఇమ్మన్నాడు. ఇవ్వనన్నాను. ఇచ్చేదాకా కదలనన్నాడు. చివరికి మా అన్నయ్యని చేతులతో తవ్వి తీసినవాడు అడుగుతున్నాడు కదా అని ఇచ్చాను.

పద్నాలుగు నెలలు ఆ పికప్ బ్రేకుల్ని నేను ఎంత శ్రద్ధగా చూశానో నాకే తెలుసు. ప్రతి నెలా నట్టు బిగించడం, ప్రతి నెలా మావయ్య వచ్చి తాళం తీసుకుంటూ "ఏరా అల్లుడూ, బావున్నావా" అనడం, ప్రతి నెలా నేను ఆ దిమ్మని కాలితో తన్నడం. కుతకుత ఉడికిపోయేవాణ్ణి. ఇంత పగ పెట్టుకుని ఒకడి ప్రాణం నా చేతులతో కాపాడవలసిన ఖర్మ ఇంకెవరికీ పట్టి ఉండదు.

చిన్నాన్న కొడుకు ఒక్కడే తిరిగి వచ్చి, ఖాన్ యుద్ధంలో పోయాడన్నాడు. అందరూ అనుమానంగానే చూశారు, నేనైతే మరీను. తుపాకీ గుండు ముందునుంచి తగిలిందా వెనకనుంచా అని అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. తర్వాత ఊరినుంచి వచ్చినవాళ్ళు చెప్పారు: గుండ్లు కురుస్తుంటే ఖాన్ శవాన్ని వీపున వేసుకుని, రెండు రోజులు కనుమ దాటి, గీతకి ఇటుపక్క ఉన్న తల్లి దగ్గరికి చేర్చింది అతనే. రాయి మీద చెయ్యి వేసి ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాడు. ఖాన్‌కి మిగిలిన దగ్గరి మగదిక్కు కూడా అతనే కనక, ఖాన్ పెట్టిన రాయి ఎత్తే హక్కు ఇప్పుడు తనదని, గ్యారేజీకి వచ్చి నాకు తనే చెప్పాడు. ఎత్తమంటావా అని అడిగాడు. ఎత్తమన్నాను. రెండు చేతులతో ఎత్తి బయట పారేసి, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ శుక్రవారం భోజనాల వేళ మెస్సులో మనవాళ్ళు నలభై మంది దాకా ఉన్నారు. మావయ్య పప్పన్నం కలుపుకుంటున్నాడు. ఎదురుగా వెళ్ళి నిలబడి పేరు పెట్టి పిలిచాను, జీవితంలో అదే మొదలు. "మా అన్నయ్య చెప్పకుండా దిగలేదు. నువ్వు దిగమంటే దిగాడు. నీ బండి బ్రేకు నెలనెలా నా చేతిలోకే వత్తాది. ఇన్నాళ్ళూ ఒక పఠానుకిచ్చిన మాట మీద బిగించాను. ఇయ్యాల్టి నుంచి ఆ మాట లేదు" అన్నాను. ఎవరూ ముద్ద ఎత్తలేదు. మావయ్య చెయ్యి కంచంలోనే ఉండిపోయింది.

ఆ తర్వాత ఆ నట్టు నేను ఏనాడూ వదులు చెయ్యలేదు. చెయ్యనవసరం లేకపోయింది. మావయ్య గేటు దాటేముందు పికప్ ఆపి, నాలుగుసార్లు బ్రేకు తొక్కి చూసుకునేవాడు, ఆ తర్వాత పికప్ మానేసి కూలీల బస్సులో వెనక సీటులో కూర్చుని వెళ్ళేవాడు. మూడేళ్ళు అలా చూశాను. చూసినప్పుడల్లా నాకు సంతోషంగా ఉండేది, దాచుకోవడమెందుకు. ఉద్యోగం ఖలాస్ చేసుకుని ఊరు వెళ్ళేముందు మావయ్య ఒంటరిగా గ్యారేజీకి వచ్చి, "నేనే దింపానురా, నన్ను వదిలెయ్యి" అని చేతులు పట్టుకున్నాడు. ఈ మాట మెస్సులో చెప్పు, వదినకి ఉత్తరం రాయి, వదిలేస్తాను అన్నాను. చెప్పలేదు, రాయలేదు. నేనూ వదల్లేదు.

ఇప్పుడు ఆ గొయ్యి ఉన్నచోట పెద్ద పెద్ద షోరూములు, అద్దాల కాఫీ హోటళ్ళు వచ్చాయి. అన్నయ్య వేసిన పైపు వాటి కింద ఉందో, తీసి పారేశారో తెలియదు. ఆ కొండల్లో ఆ తర్వాత యుద్ధం మీద యుద్ధం వచ్చి, రాయి పెట్టగల పెద్దల్నే వెతికి వెతికి చంపేశారట, ఇక ఎవరి పగ ఎక్కడ ఆగాలో చెప్పే దిక్కు లేదని విన్నాను. అప్పుడు శత్రువుకి ఒక పేరుండేది, తెగ ఉండేది, ఒక కంచం ఉండేది. ఇప్పుడు ఎవరు ఎవరిని ఎందుకు చంపుతున్నారో చంపేవాడికే తెలిసినట్టు లేదు. మొన్న వేసవిలో మావయ్య పోయాడని మా ఊరి నుంచి ఫోను వచ్చింది. ఈ కబురు కోసమే కదా ఇన్నేళ్ళూ ఎదురుచూశాను, సంతోషం వస్తుందేమోనని కుర్చీలో కూర్చుని చాలాసేపు చూశాను, రాలేదు. అన్నయ్యని ఆ గోతిలోకి ఎవరు దింపారో అక్కడుండి కళ్ళారా చూసినవాళ్ళం లోకంలో ముగ్గురమే. ఖాన్ ఎప్పుడో వెళ్ళిపోయాడు, ఇప్పుడు మావయ్యా వెళ్ళిపోయాడు, మా వదిన ఇంట్లో కంపెనీ రాసిన ఆ ఉత్తరం మాత్రం ఇంకా ఉంది.