కంపకు తగిలిన పత్తి

ఇంట్లో కుక్కరున్నా నేనింకా అన్నం వార్చే వండుతాను. మనవరాలు నవ్వితే నవ్వనీ, గిన్నెలోకి గంజి వంచేటప్పుడు లేచే ఆ వెచ్చని వాసన కోసమే నా మొండితనమంతా. ఆ వాసన తగిలితే చాలు, ఎమ్మిగనూరులో మా మగ్గాల వీధిలో ఉంటాను.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. తెల్లవారుజామునే వీధి పొడవునా పడుగులు చాచి, గంజి పట్టించి, కుంచెలతో దువ్వుతూ, ఎండ ముదిరేలోపు ఆరాలని పెద్దవాళ్లు హడావిడి పడుతుంటే, పిల్లలం ఆ దారాల కిందుగా దూరి అవతలికి పరిగెత్తి తిట్లు తినేవాళ్లం. పొద్దెక్కాక జొన్నరొట్టెలో గుర్రెళ్ల కారం పెట్టుకుని తింటూ, అమ్మ పక్కన కండెలు చుడుతూ కూర్చుంటే ఇంటింటి నుంచీ గుంట మగ్గాల చప్పుడు వినిపించేది.

పత్తి తీతలు మొదలైతే మాకు పండగే. ఆదోని మిల్లులకు పోయే ఎద్దుల బండ్లు దారి పక్క తుమ్మకంపలను రాసుకుంటూ పోతే ముళ్లకు తెల్లగా దూది తగులుకునేది. దాన్ని ఏరి బొమ్మలకు పరుపులు కుట్టేవాళ్లం. ఒకసారి నాయన వెంట ఆదోని బాటన పోతున్నప్పుడు, ఒక కంప ముందర ఆయన ఎంతసేపటికీ కదలకుండా నిలబడిపోయినాడు. నేను దూది పీకబోతే వద్దని చెయ్యి పట్టుకున్నాడు.

ఆ తర్వాతి వారమే మగ్గం మీదికి నేరేడుపండు రంగు పడుగు ఎక్కింది. మా వీధిలో బుట్టాలంటే వరస తప్పకూడదు. నాయన మాత్రం ఒకచోట రెండు, ఇంకోచోట ఒకటి, మధ్యలో జానెడు ఖాళీ వదిలి, కంపకు తగులుకున్నట్టే తెల్ల బుట్టాలు నేయసాగినాడు. నోరు విప్పని మనిషి కూనిరాగాలు తీస్తున్నాడని అమ్మ మురిసిపోయేది. పుట్టినప్పటి నుంచి ఇంకొకరి నమూనాలు నేసిన ఆయనకు, తనదంటూ ఒక్క చీరైనా ఉండాలన్న ఆశ అది.

మూడోవంతు కూడా కాకముందే పెదనాయన వచ్చినాడు. తలకు రుమాలు, ముక్కుకు నస్యం, ఎవరినైనా ఆటపట్టించే నోరు. మగ్గం మీదికి వంగి చూసి, "ఏందప్పా, సున్నం సిందినట్లుండాది" అన్నాడు. అందరూ నవ్వినారు, నేనూ నవ్వినాను, నాయన కూడా నవ్వినాడు. మర్నాటి నుంచి చీరలో బుట్టాలు వరసగా పడినాయి.

అటూ ఇటూ కాని ఆ చీరను ఎవరు కొంటారు? అమ్మ తీసుకుంది. మొదట నేసినది లోపలి కొస, ఒంటికి చుట్టుకుంటే మరుగున పడిపోయేది. కానీ ఆ ఏడు జాతరకు అమ్మ ఆ చీరను తిరగేసి, చెంగులేని ఆ కొసనే పైటగా వేసుకుంది. అదేమని నేనడిగితే, "మీ నాయన నేసిందే గదా పాపా, నలుగురూ సూడనీ" అంది. ఆమెకున్న ధైర్యం ఆమెది.

జాతరలో బొరుగుల ఒగ్గాని, బజ్జీలు తింటుండగా హొళగుంద నుంచి వచ్చిన ఒకామె అమ్మ పైటను చేతిలోకి తీసుకుని, కన్నడం కలిసిన తెలుగులో మెచ్చుకుంటూ, ఇది ఎవరు నేసినారక్కా, నాకూ ఒకటి కావాలని అడిగింది. అమ్మ నాయన వైపు చూసింది. పెదనాయన పక్కనే ఉన్నాడు.

"మేం నేసింది గాదమ్మా. ఆదోనిలో యాడనో కొనింది" అన్నాడు నాయన.

ఇంటికి వచ్చి అమ్మ చీర మడిచి పెట్టెలో పెట్టింది. ఆ తర్వాత ఎప్పుడు కట్టినా మామూలుగా, ఆ కొసను లోపలికి పెట్టే కట్టింది. నాయన మళ్లీ అలాంటి బుట్టా నేయలేదు, కూనిరాగమూ తీయలేదు.

నూలు పాడవుతుందని జంకకపోవడమే తెగింపని చాలాకాలం అనుకున్నాను. నూలు పోతే ఇంకో పడుగు ఎక్కించుకునేవాడే. కానీ ఇది నాదని నలుగురిలో ఒక్క మాట అనడానికి మా నాయనకు నోరు రాలేదు.

ఇప్పుడు ఆ వీధిలో పడుగులు చాచేవాళ్లు లేరు, మగ్గం గుంటలు పూడ్చి బండలు పరిచినారు, ఆదోనికి పత్తి లారీల్లో టార్పాలిన్ పట్టాల కింద పోతోంది. చీర నా దగ్గరే ఉంది. వరస బుట్టాల భాగమంతా ఎండకు వెలిసి, బూడిద రంగుకు తిరిగి, ముట్టుకుంటే చిరిగేట్టుంది. అమ్మ ఒంటికి ఆనుకుని ఎండ చూడని ఆ లోపలి చుట్టు మాత్రం ఇంకా నేరేడు రంగులోనే ఉంది, దాని మీద దూది ఇప్పుడే తగులుకున్నట్టుంది.