దుర్గ కుడిచెయ్యి

2003లో నేను బందరులోని ఒక హైస్కూల్లో పీఈటీని. ఊళ్లో వాళ్లకు మాత్రం డ్రిల్లు మాస్టార్నే. పిల్లల్ని పరిగెత్తించడం నాకు కొట్టిన పిండి. అప్పటిదాకా పెద్దవాళ్లెవరూ పరుగు నేర్పమని నా దగ్గరికి రాలేదు. మొదట వచ్చింది దుర్గే.

దుర్గ మంగినపూడి నుంచి చేపల తట్ట నెత్తిన పెట్టుకుని మా వీధికి వచ్చేది. "తట్ట దించమ్మా" అని మా ఆవిడ పిలిస్తే గుమ్మం ముందు దించి, నవ్వుతూనే బేరంలో నెగ్గేది. ఒకరోజు నన్ను చూసి ఆగింది.

"హోంగార్డుల్లోకి ఆడాళ్లని తీసుకుంటున్నారంటండీ మాస్టారూ. పరుగులో నెగ్గాలంట. నేర్పుతారా?"

"ముప్పై ఏళ్లొచ్చాక పరుగేంటే?" అంది మా ఆవిడ.

"ఇంకో ముప్పై ఏళ్లు ఈ తట్ట మొయ్యలేనండి. మెడ నరాలు లాగేస్తన్నాయి."

ఆ మాటకి నా మనసు కలుక్కుమంది. మర్నాడే గ్రౌండుకి రమ్మన్నాను.

ముందు నడక, తర్వాత మెల్లగా పరుగు, ఆపైన ఇంటర్వెల్ ట్రైనింగ్. అంటే ఒక రౌండు గట్టిగా పరిగెత్తి, ఒక రౌండు నడిచి, మళ్లీ పరిగెత్తడం. దమ్ముకి ఢోకా లేదు. చిక్కంతా కుడిచేత్తోనే. అలసట రాగానే అది నెత్తి మీదికి లేచేది, లేని తట్టను పట్టుకోవడానికి. చేతులు ఊగకపోతే కాళ్లు సాగవు. మేం ఆర్మ్ స్వింగ్ అనేది దాన్నే.

అరిచాను, బతిమాలాను. లాభం లేకపోయింది. చివరికి తట్ట కింద పెట్టుకునే గుడ్డ చుట్టకుదురును ఆ చేతికే ఇచ్చాను. పట్టుకోవడానికి ఏదో ఒకటి దొరికేసరికి చెయ్యి బుద్ధిగా కిందే ఉంది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఎంపిక రోజున చేతిలో ఏమీ ఉండకూడదని చుట్టకుదురు తీయించేశారు. అనుకున్నంతా అయింది. చివరి రౌండులో చెయ్యి లేచింది, అడుగు తగ్గింది, ఇద్దరు ఆమెను దాటిపోయారు. జనం లోపలికి రాకుండా కట్టిన తాడు ఇవతల నుంచి గొంతు చించుకుని అరిచాను.

"తట్ట దించమ్మా!"

జనం గొల్లుమన్నారు. దుర్గకీ నవ్వొచ్చింది. చెయ్యి దించి, దాటిన ఇద్దర్నీ దాటేసి గీత తొక్కింది. ఉద్యోగం వచ్చింది.

ఆ తర్వాత పెద్దవాళ్లెవరు పరుగు నేర్చుకుంటామని వచ్చినా, ఇన్నేళ్లూ ఏం పని చేశారని ముందు అడుగుతున్నాను. ఆ పని వాళ్ల ఒంట్లో ఎక్కడుందో వెతికాకే ఈల ఊదుతున్నాను.

దుర్గకి ఉద్యోగం వచ్చిన కొన్నాళ్లకి బస్టాండు దగ్గర స్కూటరు మీద వెళ్తున్నాను. రోడ్డు మధ్యలో ఖాకీ బట్టల్లో దుర్గ కుడిచెయ్యి నిటారుగా ఎత్తింది. బస్సులూ లారీలూ ఆగాయి. నేనూ ఆగాను.

నన్ను చూసి నవ్వింది.

"ఇప్పుడు ఎత్తొచ్చాండీ మాస్టారూ?"