మధ్యాహ్నం తిరిగే మర

సాయంత్రం ఐదయ్యేసరికి మర పిన్ని కొంగు నడుముకు దోపుకుని పిండిమర మోటారు వేసేది. ఇరవై రెండేళ్లుగా అదే వేళ. ఆవిడ పైన గింజలు పోసేది, బాబాయి కింద పిండి పట్టేవాడు. ఈ వేసవి నుంచి మర మధ్యాహ్నం పన్నెండింటికే తిరుగుతోంది. బాబాయి పోయి ఏడాది దాటింది. ఇప్పుడు పైపనీ కిందపనీ ఆవిడదే.

వేళ మార్చమన్నది లైన్‌మన్. ఏటికేడు ఎండలు ముదురుతున్నాయేమో, పొద్దు వాలితే చాలు, వీధిలో ఇంటింటా కూలర్లు ఒక్కసారే మొదలవుతున్నాయి. వాటికి తోడు మర మోటారు కూడా అందుకునేసరికి ట్రాన్స్‌ఫార్మర్ చేతులెత్తేసేది. వారంలో మూడోసారి స్తంభం ఎక్కి దిగిన లైన్‌మన్ అరుగు మీద కూలబడి, చెంబెడు నీళ్లు తాగి చెప్పుకొచ్చాడు. వానలు పడక ఆనకట్టలో నీళ్లు అడుగంటాయట, అక్కడ పుట్టే కరెంటు సగానికి సగం పడిపోయిందట. పగలు సోలార్ పలకల పుణ్యమా అని కావలసినంత ఉంటుందట, తీరా అందరికీ కావలసిన వేళకు సూర్యుడు ఇంటికి పోతాడట.

"నువ్వు మధ్యాహ్నం ఆడించుకో పిన్నీ. సాయంత్రం వీధికి వదిలెయ్."

"ఆ ఎండలో ఎవరొస్తారు నాయనా?"

"పొద్దున్నే డబ్బాలు పెట్టి పోతారు, సాయంత్రం పట్టుకెళ్తారు. నీకేం నష్టం?"

ఆవిడ బెంగ వేరు. గిరాకీ సంగతి కాదు. వంతు వచ్చేదాకా ఆడవాళ్లు అరుగు మీద చేరి అత్తల ముచ్చట్లూ కోడళ్ల ముచ్చట్లూ ఏకరువు పెట్టేవారు. బాబాయి పోయాక ఆవిడ నలుగురితో మాట్లాడేది ఆ గంటన్నరే. అయినా ఎదురింటి పసిగుడ్డు ఒళ్లంతా చెమటకాయలతో గుక్కపట్టి ఏడుస్తుంటే, తన మోటారు పట్టుకుని వేళ్లాడటం బాగుండదనిపించి సరేనంది.

మొదటి రోజు పని ఎక్కడా వంక పెట్టడానికి లేకుండా చేసింది. రెండింటికల్లా ఆడించేసి, మూతలు గట్టిగా బిగించి, డబ్బాలు అరుగు మీద వరసగా పేర్చింది. సాయంత్రం వచ్చినవాళ్లు వచ్చినట్టే డబ్బా చంకనెత్తుకుని వెళ్లిపోయారు. పావుగంటలో అరుగు ఖాళీ. వీధిలో దీపాలు నిక్షేపంగా వెలుగుతున్నాయి. ఆవిడ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

తెల్లారగానే టైలరమ్మ డబ్బా వెనక్కి తెచ్చింది.

"ఇదేం పిండి పిన్నీ, ఇంతింత ఉండలు కట్టింది. గోడకి గిలాబు పెట్టుకోడానికి తెచ్చావా అంటున్నారు మా ఆయన."

మర పిన్ని ఒక ఉండ వేళ్ల మధ్య నలిపి చూసి నాలిక కరుచుకుంది. అసలే రాళ్ల మధ్య నలిగి వేడెక్కిన పిండి, ఆపైన మధ్యాహ్నపు వేడి. గుడ్డ మీద పరిచి చల్లార్చాకే మూత పెట్టాలి. లేకపోతే డబ్బాకు లోపల చెమట పడుతుంది. ఆ పని ఎప్పుడూ బాబాయిదే. ఆయన పోయాక, సాయంత్రం వంతుకు వచ్చినవాళ్లే మాటల్లో పడి ఎవరి పిండి వాళ్లు ఆరబెట్టుకునేవారు. బాబాయి తీరిగ్గా పిండిలో చేతులు తిప్పుతూ, వచ్చినవాళ్లతో కబుర్లాడుతూ కూర్చుంటే బద్ధకమని దెప్పేది. ఆ మాట టైలరమ్మకు చెప్పి నవ్వింది. నవ్వుతూనే కళ్లు ఒత్తుకుంది. టైలరమ్మ పక్కనే కూర్చుండిపోయింది, కుట్టుపని ఉందని కూడా గుర్తులేనట్టు.

ఆ మధ్యాహ్నం ఆడించినదంతా గుడ్డల మీద పరిచింది. సాయంత్రానికి చల్లారింది. ఇక డబ్బాల్లోకి ఎత్తడమే మిగిలింది, అరగంట పని. చేట అందుకుని, ఒక్క క్షణం ఆగి, మళ్లీ గోడకు ఆనించేసింది.

"ఇంకా ఎత్తలేదా పిన్నీ?" అంటూ టైలరమ్మే ముందు వచ్చింది.

"ఎవరిది వాళ్లు ఎత్తుకోండమ్మా. తొందరేముంది, కూర్చో."

"తొందరా? ఇంట్లో కూలర్ మోత ఒకటి, మా ఆయన గురక ఒకటి. ఏది ఆపాలో తెలీక ఇటొచ్చా."

తర్వాత ఇద్దరొచ్చారు, ఆ వెనక ఇంకో ముగ్గురు. అరుగు నిండింది. ఏడు దాటింది. పిండి పరిచినది పరిచినట్టే ఉంది, దాని జోలికి ఎవరూ పోలేదు. మర పిన్ని కాళ్లు చాపుకుని మాటల్లో పడింది.