ఎడమ బ్రేకు

“...కోస్తే పావుగంట పని. నువ్వేమో వారం సంది దానికి డీజిలు తాపుతున్నవ్!” గ్యాస్ కట్టర్ పట్టుకొని నిలబడ్డ గణేష్ గొంతు షెడ్డంతా వినిపిస్తోంది.

“తాపనియ్. నీ సిలిండర్లకెల్లి తాపుతున్ననా?” డోజరు సీటు విప్పిన గుంతలోంచి మాసయ్య తల ఎత్తకుండానే అన్నాడు.

“మాసన్నా, తుప్పు పట్టిన ఇనుముతోని గింత ముద్దేంది? బ్రేకు బ్యాండు ముక్కలైతే కొత్తది తెస్తరు.”

“నువ్వు జర ఆ మంట దూరం పెట్టు. ఇది ముక్కలు కావొద్దు. మొత్తంగ రావాలె.”

ఎందుకు మొత్తంగా రావాలో గణేష్‌కు చెప్పలేదు. ఆ పని అప్పజెప్పిన సాయితేజకూ చెప్పలేదు.

సాయితేజ తాత డ్యాం పనులు ముగిసినప్పుడు కొన్న డోజరు అది. వనపర్తిలో కడుతున్న ఫంక్షన్ హాలు ముందు దాన్ని నిలబెట్టాలని, ఓపెనింగు రోజు తండ్రి అనంతయ్యను ఎక్కించి చుట్టాల మధ్య నడపాలని సాయితేజ ముచ్చట. అనంతయ్య మోకాలి ఆపరేషన్‌కు హైదరాబాదు పోయినప్పుడు, ఆయనకు చెప్పకుండా పని మొదలుపెట్టించాడు. ఇంజను తిరిగింది. ఎడమ బ్రేకు మాత్రం, డ్రమ్ము చుట్టూ ఉండే ఇనుప బ్యాండు పట్టేసుకొని, కదల్లేదు. ఇద్దరు మెకానిక్కులు చేతులెత్తేశాక, ఈ బండిని ఎరిగినవాడు గోపాల్‌పేట మాసయ్య ఒక్కడేనని ఎవరో చెప్పారు. కబురు అందిన గంటలో మాసయ్య షెడ్డులో ఉన్నాడు.

పద్నాలుగేళ్ల కింద ఈ సీట్లో కూర్చున్నది మాసయ్యే. అయిజ దిక్కు కాలువ పని. ఎడమ బ్రేకు జారుతోందని అనంతయ్యకు మూడుసార్లు చెప్పాడు. నాలుగో రోజు పొద్దున “బాగు చేయించిన, ఎక్కు” అన్నాడు అనంతయ్య. మాసయ్య ఎక్కాడు. కట్ట మీంచి దిగుతూ ఎడమకు తిప్పాలని ఎడమ లివరు లాగి, బ్రేకు తొక్కాడు. పెడలు గాలిలోకి పోయినట్టు పోయింది. పల్లంలో బ్రేకు అందకపోతే డోజరు లాగిన వైపుకు రాదు, ఎదురు వైపుకు తిరుగుతుంది. కుడి వైపున గడ్డపార పట్టుకొని ఎల్లన్న ఉన్నాడు. మాసయ్య భార్య రూతమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు.

“డ్రైవరు తాగి ఉన్నడు. ఎడమకు పోవాల్సినోడు కుడికి పోయిండు” అని అనంతయ్య పోలీసులకు రాసిచ్చాడు. ఎడమకు లాగి కుడికి పోయినవాణ్ణి తాగలేదని ఎవరు నమ్ముతారు? ఆ పొద్దున మాసయ్య తాగింది ఒక్క చాయ్. మళ్లీ ఎవరూ బండి ఇవ్వలేదు. పుణెలో పదేళ్లు కాంక్రీటు గంపలు మోశాడు. ఎల్లన్న తల్లి, అత్త ఈదమ్మ అప్పటినుంచి అతని ఇంట్లో మంచినీళ్లు ముట్టలేదు. రూతమ్మ మాత్రం ఒక్కసారే అడిగింది, “తాగినవా?” అని. లేదన్నాడు. ఆమె ఆ తర్వాత అడగలేదు. నమ్మిందో లేదో అతనికి నేటికీ తెలియదు.

బండి ఎప్పుడో తుక్కుకు పోయి ఉంటుందనుకున్నాడు. పోలేదు. తండ్రి చేతి బండి, లక్ష్మి, అమ్మరాదని అనంతయ్య దాన్ని షెడ్డులోనే ఉంచాడు. ఏటా దసరాకు పసుపు కుంకుమలు పెట్టి, సీటు ఎడమ పక్కనే కొబ్బరికాయ కొట్టించాడు. ఆ నీళ్లు బ్రేకు మీదికి కారి, బ్యాండును డ్రమ్ముకు అతికించాయి. తన తప్పును ఇన్నేళ్లూ తానే పూజ చేసి దాచాడు. అది తలచుకున్నప్పుడల్లా మాసయ్యకు కడుపు చల్లబడుతోంది.

చేతులు మాత్రం తొందరపడలేదు. పొద్దున, సాయంత్రం డీజిలు పోశాడు. ఇత్తడి సుత్తితో డ్రమ్ము చుట్టూ చిన్నగా తట్టాడు. నట్టును వెచ్చజేసి మైనం తాకించాడు. మైనం మరల్లోకి దిగాక పానా పెట్టి పావు చుట్టు విప్పి, అందులో సగం మళ్లీ బిగించాడు. ఒక్కో తట్టుకు అనంతయ్య మొహం ఒక్కోలా కనిపించింది. స్టేషన్లో కాలు మీద కాలు వేసుకున్న మొహం. ఎల్లన్నను మట్టి చేసేనాడు వచ్చి రూమాలుతో కళ్లు ఒత్తుకున్న మొహం.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం కిర్రుమని బ్యాండు వదిలింది. ఇద్దరూ పట్టి బయటికి తీశారు. మాసయ్య గుడ్డతో తుడుస్తుంటే గణేష్ వంగి చూశాడు.

“అరె! గీ వెల్డింగు ఎవడు కొట్టిండే అన్నా? ఇరిగిన బ్రేకు బ్యాండుకు ఎవడన్న అతుకు పెడ్తడా? సూడు, అతుకు కాడనే మళ్ల ఊడింది. దీన్ని నమ్మి బండెక్కినోడు బతికిండా?”

“ఎక్కినోడు బతికిండు” అన్నాడు మాసయ్య.

సద్ది తెచ్చిన రూతమ్మ గిన్నె కింద పెట్టి, ఆ అతుకు మీద బొటనవేలు నడిపింది. విరిగిన అంచు వరకు పోయి ఆగింది.

“అమ్మకు సూపు లేదు” అంది. “చేతికియ్యాలె.”

అప్పుడే కారు వచ్చింది. కర్ర పట్టుకొని అనంతయ్య, వెనక సాయితేజ దిగారు. తండ్రికి చూపించే రోజు ఇదేననుకున్నాడు కొడుకు. అనంతయ్య డోజరును చూడలేదు, మాసయ్యను చూశాడు. ఆ తర్వాత కింద గోనెసంచి మీద ఉన్న బ్యాండును చూశాడు.

“దాన్ని తుక్కుల పడెయ్యి” అన్నాడు. “కొత్తది తెప్పిస్త.”

“ఎందుకు నాయినా, పాతదే బాగు చేస్తడంట గద?” అన్నాడు సాయితేజ.

“నువ్వాగు. మాసా, ఎప్పటి ముచ్చటనో ఇప్పుడెందుకు? ముసలోళ్లమైతిమి. నీకేం గావాలె, జెప్పు.”

మాసయ్య బ్యాండును సంచిలో చుట్టి భుజాన వేసుకున్నాడు. పానా తుడిచి గణేష్ చేతికిచ్చాడు.

“నాకేం వద్దు పటేలా. ఈ బండిని మళ్ల బిగించను. ఓపెనింగు నాడు పొద్దుగాల్నే ఈదమ్మను తోలుకొని మీ హాలు గేటు కాడికొస్త. దీన్ని ఆమె ఒళ్లె పెట్టి, మీ చుట్టాలు ఒక్కొక్కరు దిగుతుంటే, ఇదేందో, దీనికి అతుకు పెట్టించి నన్ను ఎక్కించింది ఎవరో పేరు పెట్టి చెప్త.”