నలుగురు విన్న షుగర్

మేడ్చల్‌లో నాది మ్యాచింగ్ సెంటర్. జాకెట్టు ముక్కలు, లైనింగులు, ఫాల్స్, లంగాలు అమ్ముతాను. ఎవరైనా చీర తెచ్చి కౌంటర్ మీద పరిస్తే, దానికి సరిపోయే ముక్కను బట్టల తాన్ల వరుసలోంచి లాగి ఇవ్వడమే నా విద్య. ఆకుపచ్చ ఒక్కదానిలోనే నా దగ్గర పద్నాలుగు రకాలున్నాయి. చిలకపచ్చ అడిగినవాళ్లకు పెసరపచ్చ అంటగట్టగలను గానీ, పొరపాటున మాత్రం ఇవ్వను. ఆ రెండింటికీ చాలా తేడా ఉంది.

అలాంటి నాకు కుడికంట్లో శుక్లం వచ్చింది. నేను ముందు కంటిని అనుమానించలేదు, ట్యూబులైటును అనుమానించాను. కొత్తది పెట్టించాను. అదీ మసకగానే ఉందని అమ్మినాయనతో పేచీ పెట్టుకుని, సగం ధరకు ఇంకొకటి పుచ్చుకున్నాను కూడా. ఇప్పుడు మా దుకాణంలో పెళ్లి పందిరంత వెలుగు ఉంటుంది.

ఆ వెలుగులోనే రావల్కోల్ నుంచి ఒకామె పట్టుచీర తెచ్చి, అంచుకు తగిన ముక్క తీసుకుపోయింది. మర్నాడే తిరిగొచ్చింది.

"అక్కా, నా అంచు నీలం. నువ్విచ్చింది నలుపు."

"ముప్పై ఏండ్ల సంది రంగులే అమ్ముతున్న. గిది నీలమే. ఎండల వట్టి సూడు."

ఆమె ముక్కను ఎండలోకి తీసుకెళ్లి చూసింది. తర్వాత నన్ను చూసింది. మడిచి సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది. వాదించే గిరాకీకి నేను ఎప్పుడూ భయపడలేదు. వాదించకుండా వెళ్లిపోయేవాళ్లతోనే కష్టం, వాళ్లు మళ్లీ రారు.

పైగా నేను ఆ మాట గొంతెత్తి అన్నాను. అది మా బాపు నుంచి వచ్చిన అలవాటు. ఆయనది ఇదే చోట ఉల్లిగడ్డల దుకాణం. రైతుతో బేరం తెగగానే ధరను ఒకసారి గట్టిగా పలికేవాడు. ఎదురుగా గాజుల దుకాణం, పక్కన పిండి గిర్ని, ఆ పక్కన ఇనుప సామాను, మూలమీద చాయ్ హోటల్, నాలుగూ వినాలి. ఇక ఆ ధరను రైతూ మార్చలేడు, బాపూ మార్చలేడు. కాగితమైతే చినుగుతుంది, నలుగురు విన్న మాట చినగదు అనేవాడు. ఆ నాలుగు దుకాణాలు ఇప్పటికీ ఉన్నాయి. నేను నలుపును నీలమన్న సంగతి నాలుగూ విన్నాయి.

చివరికి శామీర్‌పేటలో కంటి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆపరేషన్ చిన్నదేనట, కానీ నా షుగర్ పెద్దదట. పరగడుపున నూటయాభై లోపు ఉంటేనే చేస్తానంది. నూటఎనభైకి చేయరా అని అడిగాను. అలవాటు కొద్దీ లేచి బయల్దేరుతున్నట్టు రెండడుగులు గుమ్మం వైపు వేశాను కూడా. బజార్లో అలా చేస్తే వెనక్కి పిలుస్తారు. ఆమె పిలవలేదు, తర్వాతి పేషెంటును పిలిచింది.

పెళ్లిళ్ల సీజన్ మూడు నెలల్లో ఉంది. మ్యాచింగ్ సెంటరుకు ఏడాది గిరాకీలో సగం అప్పుడే. ఆలోగా కన్ను బాగుపడకపోతే రంగులు చెప్పడానికి ఇంకొకరిని కూర్చోబెట్టాలి. నా దుకాణంలో ఇంకొకరు "గిది నీలం" అని చెబితే నేను తలూపాలి. దానికంటే షుగరే నయం అనిపించింది.

అప్పుడు మా చెల్లెలి బిడ్డ రంగంలోకి దిగింది. అది దుండిగల్ దగ్గర ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతుంది. నా రిపోర్టులన్నీ మా దుకాణం క్యారీబ్యాగులో పెట్టుకు తిరుగుతానని, ఒకసారి ఆ సంచిని షేర్ ఆటోలో వదిలేశానని దానికి ఎప్పటినుంచో కోపం. వాళ్ల కాలేజీ వాళ్లు బ్లాక్‌చైన్ మీద రోగుల రికార్డులు పెట్టి చూస్తున్నారు. మేడ్చల్, శామీర్‌పేటల్లో మూడు ల్యాబులు, రెండు మెడికల్ షాపులు, ఆ కంటి ఆస్పత్రి అందులో చేరాయి. దాన్ని నాకు అర్థమయ్యేలా చెప్పాలని తయారై వచ్చింది.

పరీక్ష చేసినప్పుడల్లా ఆ రిపోర్టు గుర్తు ఒకటి అందులో చేరిన అందరి దగ్గరా పడుతుంది. ప్రతి కొత్త గుర్తూ వెనకటి దానితో ముడిపడి ఉంటుంది. ఒకరు తమ దగ్గర మార్చినా మిగిలినవాళ్ల దగ్గరున్న దానితో కలవదు, దొరికిపోతారు. రిపోర్టు మాత్రం అందరికీ కనబడదు, తెరిచే తాళంచెవి రోగి ఫోన్లోనే ఉంటుంది.

"గింతేనా," అన్నాను. "మీ తాత ఉల్లిగడ్డల ధర చెప్పినట్టే గద."

అది పేజీలకు పేజీలు తయారుచేసుకున్న బొమ్మలన్నీ పక్కన పెట్టింది. ముందు ముందు మందుల డబ్బాలను కూడా కంపెనీ నుంచి షాపు దాకా ఇలాగే వెంబడించవచ్చని, డూప్లికేట్ మందు మధ్యలో దూరితే తెలిసిపోతుందని చెప్పింది. అది నాకు మరీ నచ్చింది. లేబుల్ మార్చిన ఫాల్స్ డబ్బాలు నేను ఎన్ని చూశానో నాకే తెలుసు. కొన్ని అమ్మాను కూడా.

మా బజారు చివర చర్చి హాల్లో కాలేజీ వాళ్లు క్యాంపు పెట్టారు. చేరినవాళ్లకు షుగర్ పరీక్ష ఉచితం. ఉచితం అన్న మాట వినగానే ఫోన్లో అడిగిన ప్రతి ప్రశ్నకూ ఔను నొక్కుకుంటూ పోయాను. డాక్టరుకు చూపమంటారా, ఔను. మందుల వివరాలు కలపమంటారా, ఔను. రెండొందల పద్నాలుగు వచ్చింది.

దుకాణదారుల ఇంట్లో పుట్టినదాన్ని, మొదటి దుకాణంలో చెప్పిన ధరకు ఎలా ఒప్పుకుంటాను? మూడో నాడు బస్టాండు దగ్గరి ల్యాబుకు వెళ్లాను. నూట తొంభై ఒకటి. బేరం దిగుతోంది కదా అని ఆ రోజు నుంచి రాత్రి తిండి మానేశాను. ఒక గోలీ వేసుకోవలసిన చోట రెండు వేశాను. ఆరో రోజు శామీర్‌పేట ల్యాబులో నూట పద్దెనిమిది. సంబరంగా మా చెల్లెలి బిడ్డకు ఫోన్ చేసి, ముందువి రెండూ తీసెయ్యమన్నాను.

"తీసేసుడు ఉండదు పెద్దమ్మా. నేనే కాదు, ఎవ్వరు తీయలేరు. కావాలంటే కింద ఇంకో మాట కలుపొచ్చు."

"సరే, తీయకు. పద్నాలుగు కొట్టేసి రెండొందలు జెయ్."

అది ఫోన్లో చాలాసేపు నవ్వింది. డాక్టరుకిచ్చిన అనుమతిని మొత్తంగా వెనక్కి తీసుకోవచ్చట గానీ, ఒకటి చూపి ఒకటి దాచడం కుదరదట. మొత్తం మూస్తే, పట్టపగలు షట్టరు దించిన దుకాణంలో ఏదో దాచారని ఎవరైనా అనుకుంటారు. అందుకే అనుమతి అలాగే ఉంచి, డాక్టరమ్మకు తీరిక ఉండదు, పైనున్నదే చూస్తుంది అనే ధైర్యంతో వెళ్లాను.

ఆమె పైదీ చూసింది, కిందివీ చూసింది. ఆరు రోజుల్లో ఇంత ఎలా దిగిందని అడిగింది. రోజూ నడుస్తున్నానని చెప్పాను, చెరువు కట్ట దాకా అని కూడా చెప్పాను. ఆమె వేలితో తెరను ఇంకాస్త జరిపింది.

"పది రోజుల గోలీలు తీసుకున్నరు. అయిదో రోజే మల్ల తీసుకున్నరు. అవి గూడ మీతోని నడుస్తున్నయా అమ్మా?"

మెడికల్ షాపు కూడా విన్నదన్న సంగతి నేను మర్చిపోయాను. ఇక దాచలేక అంతా చెప్పాను. ముందు రోజు సాయంత్రం దుకాణంలో చెమటలు పట్టి చేతులు వణికితే ఎండ అనుకున్నానని కూడా చెప్పాను. అంతదాకా నవ్వుతున్న ఆమె నవ్వడం మానేసింది. అది ఎండ కాదు, షుగర్ పడిపోవడమంది. ఇంకొంచెం పడితే తాన్ల మధ్యలోనే పడిపోయేదాన్నంది. నా చేతిలోని నూట పద్దెనిమిది కాగితం ఒక్కటే చూసి ఉంటే తను రేపే ఆపరేషన్‌కు రమ్మనేదాన్ననీ, నేను మళ్లీ రెండు గోలీలు మింగి ఖాళీ కడుపుతో వచ్చేదాన్ననీ నెమ్మదిగా చెప్పింది.

అయినా నోరు ఊరుకోదు. రెండు నెలలు ఆగమంటే నెల అన్నాను. ఆరు వారాలకు తెగింది. రికార్డులో రోగి మాట అని ఒక చోటు ఉంటుంది, అందులో ఏమైనా రాయమంటారా అని అడిగింది. ఉపవాసం, ఎండ, నడక, ఇంకో నాలుగు కారణాలు నాలుక చివరే ఉన్నాయి.

"రాత్రి తినలే. గోలీలు రెండేసి మింగిన. నూట పద్దెన్మిది ఉత్తదే. గట్లనే రాయండి మేడమ్."

ఆమె అలాగే రాసింది. ఆరు వారాలు నిజంగానే చెరువు కట్ట దాకా నడిచాను, ఒక్క గోలీనే మింగాను. నూట నలభై రెండు వచ్చింది. రెండో ల్యాబుకు వెళ్లలేదు. ఆపరేషన్ రోజు ఎప్పుడూ చూడని ఒక చిన్న డాక్టరు వచ్చి, నమస్తే కంటే ముందు, రాత్రి తిన్నారా, గోలీలు ఎన్ని అని అడిగాడు. నా మాట చదివి వచ్చాడు.

పది రోజులకు మళ్లీ దుకాణం తెరిచాను. ఆ ట్యూబులైట్ల వెలుగుకు కళ్లు చిట్లించాల్సి వచ్చింది. నలుపు తాన్ల వరుసలో నాలుగు నీలాలున్నాయి, నీలాల వరుసలో మూడు నలుపులు. సర్దింది నేనే. ఇన్ని నెలల్లో ఎందరికి ఏమి ఇచ్చానో తెలియదు. తిరిగొచ్చి చెప్పింది మాత్రం ఒక్కతే.

ఆ వారంలోనే ఆమె బజారుకు వచ్చింది. నా వైపు చూడకుండా ఎదుటి గాజుల దుకాణంలో కూర్చుంది. నేను గడపలో నిలబడి గొంతెత్తాను.

"రావల్కోల్ చెల్లే, ఆ దినం నువ్వన్నదే నిజం. అది నలుపే. నా కన్ను తప్పింది."

చాయ్ హోటలాయన చాయ్ వడకట్టే జాలీ దించాడు. ఆమె గాజులు పక్కన పెట్టి నిదానంగా రోడ్డు దాటి వచ్చింది.

"ఇంకోసారి చెప్పక్కా. గిర్ని సప్పుడుకు వాళ్లకు వినబడలేదేమో."

ఇంకోసారి చెప్పాను. నీలం తాను దించి మీటరు కోసి చేతికిచ్చాను. ఆమె దాన్ని ఎండలోకి తీసుకుపోయి, అటు తిప్పి ఇటు తిప్పి చాలాసేపు చూసింది. లోపలికొచ్చి కూర్చుని, ఇన్ని రోజులు ఆగినందుకు పైన రెండు ఫాల్స్ ఇమ్మంది. ఒకటి ఇస్తానన్నాను. ఆమె లేచి గుమ్మం వైపు రెండడుగులు వేసింది. నేను వెనక్కి పిలిచాను.