గ్లాసు మీది పక్షి

మూడేళ్ల కిందట లక్సెట్టిపేట నుంచి కరీంనగర్ వెళ్లే బస్సులో ఒకామె నా పక్కన కూర్చుంది. బెల్లంపల్లిలో పాత సామాన్ల దుకాణంలో కొన్న గాజు గ్లాసు నా ఒళ్లో ఉంది. తెల్లదొరల కాలం నాటిది. దాని మీద ముక్కును రొమ్ముకు ఆనించిన ఒక పెద్ద పక్షిని, దాని కాళ్ల దగ్గర మూడు పిల్లల్ని చెక్కారు.

"ఈకలు సాపు చేసుకుంటున్నది గదక్కా, ఎంత ముద్దుగున్నదో!" అన్నాను.

ఆమె గ్లాసును కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. "కాదు చెల్లె. మా చర్చిల గూడ గీ బొమ్మ ఉన్నది. తిండి దొరకకుంటె గీ పక్షి ముక్కుతోని తన రొమ్ము చీల్చుకొని పిల్లలకు నెత్తురు తాపుతదట. ఏసయ్యకు గుర్తని మా పాస్టర్ జెప్పిండు."

నేను గ్లాసు వైపు మళ్లీ చూశాను. "అమ్మో, ఏ తల్లి జేస్తదక్కా గట్ల?"

ఆమె కొంగు కొంచెం జరిపి, నడుము పక్కన పొడవాటి కుట్ల మచ్చ చూపించింది.

"నా బిడ్డకు రెండు కిడ్నీలు ఖరాబైనయి. ఒకటి నేనిచ్చిన," అంది, మామూలుగా.

ముద్దుగా ఉందన్న మాటను వెనక్కి తీసుకోవాలనిపించింది.

అంతలో ఆమె ఫోన్ మోగింది.

"ఆఁ బిడ్డా, వస్తున్న. నువ్వైతే అన్నం తిన్నవా?" అని అడిగింది.