నీళ్ల సీసాతో రాజమండ్రికి

థర్మోకోల్ పెట్టె మూత తీస్తుంటే వచ్చే కీచుమనే చప్పుడుకు చాలామందికి పళ్లు జివ్వుమంటాయి. నాకు మాత్రం నవ్వొస్తుంది. ఈ ఉదయం మా వీధిలో నెలలు నిండుతున్న లక్ష్మి భర్త అలాంటి పెట్టెతో మా గుమ్మంలోకి వచ్చి మూత తీశాడు. గ్రేస్ సిస్టర్ గారు నా పక్కనే నిలబడ్డట్టనిపించింది.

తొమ్మిదేళ్ల కిందటి మాట. నాకు మూడో నెల. భీమవరం దగ్గర మా ఊరి ఆసుపత్రిలో రక్తపరీక్ష చేసి హెపటైటిస్ బి ఉందన్నారు. ఒంట్లో ఏ బాధా లేదు, బాధంతా ఇంట్లో మొదలైంది. మా అత్తగారు నా కంచం, గ్లాసు విడిగా పెట్టేశారు. సిస్టర్ గారు ఆ ఆసుపత్రిలో నర్సు. పొట్టి మనిషి, పెద్ద గొంతు. సంగతి తెలిసి, ఆదివారం చర్చి నుంచి తిన్నగా మా ఇంటికొచ్చారు. మజ్జిగ అడిగి, గూట్లో బోర్లించిన నా గ్లాసులోనే పోసుకుని తాగేశారు.

"అయ్యో, అది కోడలి గ్లాసండి," అన్నారు అత్తగారు.

"తెలుసండి. ఈ జబ్బు రక్తంతో వస్తుంది గానీ మజ్జిగతో రాదు. కాస్త ఉప్పు తగ్గిందండి."

మర్నాటికి నా గ్లాసు మిగతావాటిలో కలిసిపోయింది. వంటింట్లో తలుపు చాటున నిలబడి సంతోషంతో ఏడ్చాను.

ఇక మిగిలిన భయం ఒక్కటే, జబ్బు బిడ్డకు అంటకూడదు. నాకు రోజూ ఒక మాత్ర రాశారు. బిడ్డకు పుట్టిన పన్నెండు గంటల్లోపు రెండు ఇంజెక్షన్లు పడాలి. ఒకటి ఆసుపత్రిలోనే ఉంది. రెండోది ఇక్కడ దొరకదు, ముందుగానే రాజమండ్రి నుంచి చల్లగా తెచ్చి ఉంచుకోవాలి. మా ఆయన సత్యం రొయ్యల ప్యాకింగ్‌లో పనిచేస్తారు. చల్లగా తేవడం నాకా నేర్పేది అని నవ్వారు. సిస్టర్ గారు ఆ నవ్వును నమ్మలేదు. ఖాళీ మందు సీసాలో నీళ్లు నింపి ఆయన చేతిలో పెట్టి, "ముందు దీన్ని రాజమండ్రి తీసుకెళ్లి తీసుకురండి," అన్నారు. నీళ్లను ఊరేగించడానికి ఒక రోజు పని పోగొట్టుకోవాలా అని ఆయనకు ఒళ్లు మండింది. గొణుక్కుంటూనే వెళ్లొచ్చారు.

సాయంత్రం ఆసుపత్రిలో పెట్టె తెరిచాం. పొడి చేసిన ఐసు, అది ఇంకా చల్లబడేందుకు దాని మీద కల్లుప్పు, రొయ్యలకు చేసినంత శ్రద్ధగా చేశారు. సిస్టర్ గారు సీసా తీసి ఊపారు. లోపల ఏమీ కదల్లేదు. నీళ్లు గడ్డకట్టాయి.

"సత్యం గారూ, రొయ్య గడ్డకడితే ఓడెక్కి విదేశాలకు పోతుంది. మందు గడ్డకడితే పారబోయాలండి. ఇది అసలు మందైతే ఏంటి మన పరిస్థితి?"

ఆయన ఉప్పు మానేసి, ఐసుకీ సీసాకీ మధ్య అట్టముక్క పెట్టడం బుద్ధిగా నేర్చుకున్నారు. రెండోసారి సీసా చల్లగా ఉంది, నీళ్లూ కదిలాయి. ఎవరూ అడక్కుండానే మూడోసారీ వెళ్లొచ్చారు. నెలలు నిండేసరికి అసలు మందు ఆసుపత్రి ఫ్రిజ్‌లో ఉంది. పాప పుట్టిన గంటలోనే రెండు ఇంజెక్షన్లూ పడ్డాయి. ఏడాది దాటాక పరీక్ష చేసి జబ్బు లేదన్నారు. మా అత్తగారు వీధంతా పూతరేకులు పంచారు, మొదటిది సిస్టర్ గారి నోట్లోనే పెట్టారు.

తర్వాత ఒకసారి, నా రిపోర్టు బాగుంది కదా మాత్ర మానేస్తానన్నాను. "రిపోర్టు బాగున్నది మాత్ర వల్లేనమ్మా," అన్నారు సిస్టర్ గారు. ఇప్పటికీ రోజూ వేసుకుంటున్నాను. ఆవిడ రిటైరై ద్రాక్షారామంలో కూతురి దగ్గరికి వెళ్లిపోతూ ఆ నీళ్ల సీసా నా చేతిలో పెట్టారు. అప్పటినుంచి ఈ చుట్టుపక్కల ఈ జబ్బున్న గర్భిణి ఎవరున్నా అదే ముందు రాజమండ్రి వెళ్లొస్తుంది. ఈసారి లక్ష్మి కోసం వెళ్లొచ్చింది. ఎంత తెలిసిన పనైనా ఒకసారి చేసి చూసుకోవడం ఆవిడ నాకిచ్చిన ఆస్తి.

"నేను ఐసు ఫ్యాక్టరీలోనే చేస్తానండి, నాకెందుకండీ ఈ పరీక్ష?" అన్నాడు లక్ష్మి భర్త, పెట్టెలోంచి సీసా తీస్తూ.

నేను జవాబు చెప్పేలోపు మా అమ్మాయి సీసా లాక్కుని, చెవి దగ్గర పెట్టుకుని ఊపింది.

"చల్లగా ఉన్నాయి, కదులుతున్నాయండి. ఇంక అసలుది తెచ్చేయండి," అంది, అచ్చం సిస్టర్ గారి గొంతుతో.